బటన్ బాబాయి ఉమ్మడి కుటుంబం

ఇకమీదట మా పట్టణంలో ఏ పౌరుడూ ఏ పనికీ ప్రభుత్వ కార్యాలయానికి రానక్కర్లేదని పెద్దలు నిర్ణయించారు. ఆ సంగతి చెప్పడానికి పౌరులందరూ తప్పనిసరిగా కార్యాలయానికి రావాలని కబురు పంపారు.

వెళ్ళాం. పిల్లని చంకనేసుకుని నేనూ వెళ్ళాను. రానివాళ్ళ పేర్లు కొట్టేస్తారని వీధిలో ఎవరో అన్నారు. ఏ పేర్లు, ఎక్కణ్ణుంచి కొట్టేస్తారు అని అడిగే ధైర్యం నాకు లేదు. ఉన్న ఒక్క పేరూ ఉంచుకుందామని వెళ్ళి ఎండలో నిలబడ్డాను.

"ప్రియమైన పౌరులారా!" అన్నారు పెద్దసారు. ఆ కార్యాలయం మొత్తానికి ఆయనే పెద్ద. "నిన్నటిదాకా మీరు ప్రభుత్వం చుట్టూ తిరిగారు. నేటినుంచి ప్రభుత్వమే మీ అరచేతిలో తిరుగుతుంది. ఇంట్లో కూర్చోండి, కాలు మీద కాలేసుకోండి, ఒక్క వేలు కదపండి!" మైకు ఆగిపోయింది. దాన్ని బాగుచేయడానికి ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన వచ్చేదాకా మేం అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాం.

ఆరోజే జనన మరణాల కిటికీకి చెక్క కొట్టేశారు. చెక్క మీద ఫోను చూసి నవ్వుకుంటున్న ఒక కుటుంబం బొమ్మ అతికించారు. కిటికీ వెనక గుమాస్తా మాత్రం యథాస్థానంలోనే ఉన్నాడు. ఆయన ఫ్యాను కిర్రుమనడం, ఆయన దగ్గడం బయటికి వినిపిస్తూనే ఉంటాయి. ఎవరైనా చెక్క మీద తడితే లోపల్నుంచి "ఆన్‌లైన్!" అని అరుస్తాడు. సేవ అప్పుడే మొదలైందని అందరం సంతోషించాం.

నాకు కావలసింది మా బుజ్జిదాని జనన ధ్రువపత్రం. అది పుట్టిందనడానికి నేను సాక్షిని, నొప్పులు సాక్షి, మా అత్తగారు సాక్షి. కానీ పట్టణ బాలల బడివాళ్ళు ఇలాంటి చిల్లర సాక్ష్యాలు ఒప్పుకోరు. నెలాఖరులోపు ధ్రువపత్రం పెట్టి సీటుకి దరఖాస్తు చేసుకోవాలి, సీట్లు మాత్రం వారంవారం ఇచ్చేస్తుంటారు. నా చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగింది. ఇంట్లో తమ్ముడు పుట్టాడు, ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చింది, ఖాళీగా కనబడింది నేను. నేను మధ్యలో ఆగితే నా కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోతుందేమోనని నా దిగులు. దిగులు పడటంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు. గ్యాసు కట్టేశానో లేదో చూసుకోవడానికి సగం దారిలోంచి వెనక్కొచ్చే రకాన్ని.

పెద్దసారు చెప్పినట్టే ఇంట్లో కూర్చున్నాను. కాలు మీద కాలేసుకోబోతే అత్తగారు చూశారు, దించేశాను. పిల్లకి తిండి పెట్టేటప్పుడు బొమ్మలు చూపించే పాత ఫోను ఒకటుంది మా ఇంట్లో, పక్కింటివాళ్ళ వైఫైతో నడుస్తుంది. ఇంటికంతటికీ ఉన్న ఒక్క నంబరు మాత్రం మా ఆయన జేబులో, ఆయన నడిపే లారీతోపాటు ఊళ్ళు తిరుగుతుంటుంది. ఓటీపీ ఆ నంబరుకి వెళ్ళింది. ఆయన బండి పక్కకి తీసి, కళ్ళజోడు వెతుక్కుని, పక్కింటి ఫోనుకి చేసి అంకెలు చెప్పేసరికి ఆ అంకెల ఆయువు తీరిపోయింది. మళ్ళీ పంపించాను. ఈసారి ఆయన భోజనానికి దిగి ఫోను లారీలో వదిలేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. మూడోసారి పంపమని నొక్కితే, "మీరు మనిషేనని నిరూపించుకోండి" అంది వెబ్‌సైటు. నువ్వెవరి కూతురివి, ఎవరి భార్యవి, అద్దె ఇల్లా సొంతిల్లా అని నన్ను చాలామంది అడిగారు గానీ, ఇంత మూలానికి వెళ్ళి ఎవరూ అడగలేదు. బస్సులున్న గళ్ళన్నీ నొక్కాలట. ఒక గడిలో బస్సు పక్కద్దం ఒక్కటే ఉంది. అద్దం లేకుండా బస్సు రావడం నేను రోజూ చూస్తున్నాను, బస్సు లేకుండా అద్దం రావడం ఎక్కడా చూడలేదు. అందుకని నొక్కాను. కాదంది. ఇంకోసారి నొక్కలేదు. అదీ కాదంది. చివరికి నేను మనిషినని నిర్ధారించలేకపోయినందుకు చింతిస్తున్నామని రాసింది.

"నువ్వు కాపురానికొచ్చిన రోజే నాకు అనుమానమొచ్చిందే అమ్మాయీ," అన్నారు అత్తగారు. "ప్రభుత్వానికి ఇప్పటికి తెలిసింది."

అలా నేను అందరూ వెళ్ళే చోటికే వెళ్ళాను. మా వీధి మలుపులో నెట్ కొట్టు ఉంది. ఏ పని చెప్పినా "ఒక్క బటన్, అంతే" అంటాడు గనక ఆయన్ని బటన్ బాబాయి అంటారు. ప్రభుత్వం వారు మూసేసిన కిటికీ ముందు వరస పొడుగెంతో బాబాయి కొట్టు ముందు వరస కూడా అంతే. ఇంట్లో కూర్చుని చేసుకోవలసిన పనులు చేసుకోవడానికి జనం పొద్దున్నే ఇళ్ళకి తాళాలేసుకుని వచ్చి అక్కడ కూర్చుంటారు.

"నంబరు చెప్పమ్మా," అన్నాడు బాబాయి.

"మా ఆయన దగ్గరుంది బాబాయ్."

"మీ ఆయనెక్కడ?"

"లారీలో."

"లారీ ఎక్కడ?"

"దారిలో."

"ఆ లారీ ఎప్పుడొస్తుంది, ఆ అంకెలెప్పుడొస్తాయి! నాది కొట్టేస్తున్నా తల్లీ."

బాబాయి అందరికీ అంతే చేస్తాడు. కుట్టుమెషిన్ అక్క నంబరు ఆవిడ కొడుకు దగ్గరుంటుంది. పాలాయన ఫోనులో ఎప్పుడూ ఛార్జింగుండదు. కొందరు తమ నంబరు తాము ఎప్పుడూ చేసుకోలేదు గనక తెలియదంటారు. ఇంతమందితో వేగలేక బాబాయి అందరి దరఖాస్తుల్లోనూ తన నంబరే వేసేసేవాడు. ఓటీపీ టంగుమని ఆయన బల్ల మీదే మోగేది. చేసేవాడికి సుఖం, చేయించుకునేవాడికి సుఖం. ఎంత తెలివైన మనిషి అని వీధంతా మెచ్చుకున్నాం.

బుజ్జిదాని ధ్రువపత్రం నిముషంలో వచ్చింది. అత్తగారు దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "ముద్రేదీ?" అన్నారు. ఆన్‌లైన్ కాయితానికి ముద్ర ఉండదని ప్రభుత్వం చెప్తుంది. ముద్ర లేని కాయితం కాయితమే కాదని మనిషి నమ్ముతాడు. బాబాయి ఈ రెంటికీ రాజీ కుదిర్చి తన కొట్టు ముద్రే ఊదారంగు సిరాతో గుండ్రంగా వేసిచ్చాడు. అందులో "జిరాక్సు, లామినేషన్ చేయబడును" అని ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ చదవలేదు. ముద్ర ఉండటానికే గానీ చదవడానికి కాదు గదా. అదే కాయితంతో, అదే నంబరుతో బడి సీటుకి కూడా దరఖాస్తు పెట్టించి, ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

అవతల కార్యాలయంలో కంప్యూటరు నిద్రపోలేదు. దానికి వీధులు తెలియవు, ముఖాలు తెలియవు, నంబర్లే తెలుసు. ఒక నంబరు, ఒక కుటుంబం అని ఎవరో దానికి చిన్నప్పుడే నేర్పారు. అది బుద్ధిగా మా అందరినీ ఒక్కచోట చేర్చి, బటన్ బాబాయిని ఇంటిపెద్దగానూ తక్కినవాళ్ళందరినీ ఆయన పిల్లలుగానూ రాసేసుకుంది. కుట్టుమెషిన్ అక్క నాకు నిజంగానే అక్కయింది. పాలాయన అన్నయ్యాడు. మా ఆయనా నేనూ తోబుట్టువులమయ్యాం. ఆ చివరి సంగతి అత్తగారికి చెప్పలేదు, గుండెజబ్బు మనిషి.

పిల్లలు లేరని జీవితమంతా బాధపడిన బాబాయి ఇంత సంతానాన్ని చూసుకుని మొదట మురిసిపోయాడు. ఆన్‌లైన్ సేవలను అత్యంత ఇష్టంగా వాడుకున్న పౌరుడని పెద్దసారు ఆయనకి శాలువా కప్పారు. "ఒక్క కుటుంబం ఇన్ని సేవలు పొందిందంటే అది మన పాలన గొప్పతనం," అని మైకులో చెప్పారు. ఒక్క కుటుంబానికి అన్ని జననాలు, అన్ని మరణాలు, అన్ని బస్సు పాసులు ఎందుకయ్యాయని ఎవరూ అడగలేదు. సంతోష సమయంలో అలాంటివి అడగకూడదు.

బాలల బడి ఫలితాలు వచ్చేదాకా నేనూ అడగలేదు.

ఆ బడికి "ఇంటికొక విద్యాకుసుమం" అని ఒక పథకం ఉంది. కుటుంబానికి ఒక్కటే సీటు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న కుటుంబమైతే అందరిలోకీ పెద్ద బిడ్డకిస్తారు. మా కుటుంబంలో పెద్ద బిడ్డ గడియారాల తాతగారని తేలింది. బజారులో గోడ గడియారాలు బాగుచేసి, కళ్ళు మసకలొచ్చాక మానేసిన పెద్దాయన. బస్సు పాసు కోసం బాబాయి దగ్గరికి వెళ్ళడం ఒక్కటే ఆయన చేసిన నేరం.

పరుగున బడికి వెళ్ళాను. తాతగారు పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని ఉన్నారు. మెడలో నీళ్ళ సీసా వేలాడుతోంది. పక్కనున్న పిల్ల ఆయన రంగుపెన్సిల్ లాక్కుంటే, "టీచరుగారూ, చూడండీ!" అని ఫిర్యాదు చేస్తున్నారు.

పెద్ద టీచరుగారు నాకు నెమ్మదిగా బోధించారు. "మా బడిలో కులం, మతం, డబ్బు, వయసు చూడమమ్మా. సీటు కంప్యూటరిచ్చింది. కంప్యూటరుకి పక్షపాతం ఉండదు. ఆయన చక్కగా వస్తున్నారు, ఏడవట్లేదు. మీ పాపయితే ఏడవదని నమ్మకమేమిటి?"

విరామంలో తాతగారిని గోడ పక్కకి పిలిచాను.

"తాతగారూ, మీరీ సీటు వదులుకుంటే మా బుజ్జిదానికి..."

"నన్ను చిన్నప్పుడు బడికి పంపలేదే అమ్మాయీ," అన్నారాయన. "ముళ్ళెక్కడున్నాయో చూసి గంట చెప్తాను గానీ, అంకెలు చదవడం రాదు నాకు. ఇన్నాళ్ళకి సీటొచ్చింది. లాక్కుంటావా?"

లాక్కోలేకపోయాను. ఎనిమిదిలో ఆగిపోయినదానికి అసలు మొదలే పెట్టనివాణ్ణి బడిలోంచి లేపే నోరెక్కడినుంచి వస్తుంది? చేతిలో ఉన్న అరటిపండు ఆయనకే ఇచ్చేసి, నెలాఖరు ఇంకెంత దూరమో వేళ్ళ మీద చూసుకుంటూ కార్యాలయానికి నడిచాను.

చెక్క మీద తట్టాను. "ఆన్‌లైన్!" అంది లోపల్నుంచి దగ్గు. అదృష్టం కొద్దీ ఆరోజు వరండాలో ఒక బృందం కూర్చుని ఉంది. పౌరులు ఆన్‌లైన్ సేవలు వాడటానికి ఎందుకు ఇష్టపడుతున్నారు, ఇష్టపడితే ఏయే కారణాల వల్ల అని అధ్యయనం చేయడానికి వచ్చారట. ప్రశ్నలన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టారు, జవాబులన్నీ ఆన్‌లైన్‌లోనే వచ్చాయి. జవాబిచ్చినవాళ్ళలో ఆన్‌లైన్ వాడనివాడు ఒక్కడూ కనబడలేదని వాళ్ళు ఎంతో ఆనందంగా ఉన్నారు. నాకూ పలకంత ఫోను ఒకటి ఇచ్చారు. చాలా ఇష్టం, ఇష్టం, ఇష్టపడబోతున్నాను అని మూడు గళ్ళున్నాయి.

"భయం అని గడి లేదా అమ్మా?" అన్నాను అక్కడున్న ఆవిడతో.

"భయం కారణం కిందికి రాదండీ," అందావిడ మర్యాదగా. "అది మీ వ్యక్తిగతం."

నిజమే కావచ్చు. కానీ కిటికీ తెరిచున్న రోజుల్లో గుమాస్తా కసిరేవాడు, "రేపు రా పో" అనేవాడు. కసిరేముందు ఒకసారి ముఖం చూసేవాడు. రేపు అనేదొకటి ఉండేది. ఫోనులో తప్పు నొక్కితే ఎవరూ కసరరు. తెర తెల్లబడుతుంది, అంతే. ఆ తెల్లదనంలో నా కూతురు ఏమైపోయిందో చెప్పే నాథుడుండడు. రద్దు అన్న బటన్ మీద వేలు పడితే దాని పుట్టుకే రద్దయిపోతుందేమోనని చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని. ఇదంతా రాయడానికి గడి లేదు గనక "ఇష్టపడబోతున్నాను" నొక్కి ఇచ్చేశాను.

అప్పుడే పెద్దసారు బయటికొచ్చారు. ఎదురెళ్ళి దణ్ణం పెట్టాను.

"అన్నయ్యగారూ!"

"ఎవరమ్మా నువ్వు?"

"మీ చెల్లెల్నండీ. మీ సెలవు చీటీలన్నీ మీ బంట్రోతు బటన్ బాబాయి చేతే పెట్టిస్తాడట గదా. కంప్యూటరులో మనం ఒక్క ఇంటి పిల్లలమే."

పెద్దసారు అటూ ఇటూ చూసి నన్ను స్తంభం వెనక్కి తీసుకెళ్ళారు. ఇక్కడ మాత్రం ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. "దీనికి దారుందమ్మా. కుటుంబ విభజన అని ఒక సేవ ఉంది. సొంత నంబరుండాలి, స్వయంగా చేసుకోవాలి, ఇంటిపెద్ద ఒప్పుకోవాలి. కొత్త కుటుంబానికి కొత్త సీటు."

"మరి మీరెందుకు విడిపోలేదండీ? మీ మనవడికీ సీటు రాలేదటగా?"

"పాస్‌వర్డ్ గుర్తులేదమ్మా," అన్నారు పెద్దసారు, గొంతు తగ్గించి.

సొంత నంబరు కష్టమవుతుందనుకున్నాను. కాలేదు. రోడ్డు పక్కన గొడుగేసుకుని కూర్చున్నతను నా బొటనవేలు ఒక్కసారి చూసి సిమ్ము ఇచ్చేశాడు. ప్రభుత్వానికి అనుమానమొచ్చిన చోట గొడుగువాడికి నమ్మకం కలిగింది. నేను మనిషినేనని నాకూ కొంచెం ధైర్యమొచ్చింది.

ఇంటికొచ్చి విడిపోతున్నానని చెప్పాను. అత్తగారు చేతిలో చాట కింద పెట్టారు. "ఎప్పటికైనా వేరు కాపురం పెడతావని నాకు తెలుసే. నా దగ్గర్నుంచి అనుకున్నా గానీ, నెట్ కొట్టువాడి దగ్గర్నుంచా?" మా ఆయన ఫోనులో, "నన్నూ తీసుకుపోవే నీతో," అన్నారు. తర్వాత చూద్దామన్నాను. బాబాయి మాత్రం నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏం తక్కువ చేశానమ్మా నీకు? ఇంత పెద్ద కుటుంబంలో ఎవరైనా ఒక్క మాటన్నారా నిన్ను?" అని కళ్ళొత్తుకుని, అంతలోనే తేరుకుని, ఒక్క బటన్ నొక్కి ఒప్పుకున్నాడు.

మిగిలింది పిల్ల ఫొటో. అది ఫోనుకేసి తిరిగి ఉండాలి, కళ్ళు తెరిచుండాలి, నవ్వకూడదు, ఏడవకూడదు. ఫోను చూస్తే అది నవ్వుతుంది, ఫోను తీస్తే ఏడుస్తుంది. నవ్వాపడానికి అత్తగారు నా వెనక నిలబడి ముఖం సీరియస్‌గా పెట్టారు. పిల్ల జడుసుకుని మంచం కిందికి దూరింది. చివరికి దాన్ని బాలల బడికి తీసుకెళ్ళాను. గేటు మూసేసి ఉంది. లోపల పిల్లలు జారుడుబల్ల మీద జారుతున్నారు, వాళ్ళ వెనక తాతగారు తన వంతు కోసం నిలబడ్డారు. అది ఊచలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నవ్వలేదు, ఏడవలేదు. "బుజ్జీ," అని పిలిచి, తిరగ్గానే తీసేశాను. సరిగ్గా ప్రభుత్వానికి కావలసిన ముఖం. మొదటిసారికే ఒప్పుకుంది.

ఇంటికి రాగానే బస్సుల గళ్ళు వచ్చాయి. ఈసారి అద్దాన్ని వదిలేశాను, మనిషినయ్యాను. సబ్మిట్ దగ్గర మాత్రం వేలు ఆడలేదు. కొంగుతో తుడిచాను, మళ్ళీ తుడిచాను. గ్యాసు కట్టేశానా అని వెళ్ళి చూసొచ్చాను. కట్టేసే ఉంది. ఇంక వంక దొరకలేదు. కళ్ళు మూసుకుని నొక్కాను.

"అభినందనలు. మీరు ఇంటిపెద్ద" అని వచ్చింది. పైకే చదివాను. ఆ పూట గిన్నెలు అత్తగారే తోమారు. నెలాఖరు రోజున బుజ్జిదాని సీటు సందేశం నా ఫోనుకే, నా పేరుతోనే వచ్చింది. ఏం తప్పు చేశానోనని ముందు ఫోను బోర్లా పెట్టేశాను. నాలుగుసార్లు చదివితే గానీ మంచి కబురని నమ్మలేదు.

తెల్లారేసరికి వీధంతా మా గుమ్మంలో ఉంది.

"నీ హస్తవాసి మంచిదే చెల్లాయ్," అంది కుట్టుమెషిన్ అక్క. "మావాడిది కూడా కాస్త నీ నంబరేసి పెట్టెయ్."

"నా నంబరేస్తే మళ్ళీ అందరం ఒక కుటుంబమైపోతాం అక్కా, నా పిల్ల సీటు పోతుంది. రా, కూర్చో, నీ ఫోనులో నీ చేత్తోనే చేయిస్తాను. నేనే నేర్చుకున్నాను, మీకు రాదా?"

అద్భుతం అన్నారు. తప్పకుండా నేర్చుకుంటాం అన్నారు. ఇష్టానికి ఒక్కరూ లోటు చేయలేదు. చాపలు పరిచి, ముగ్గురికి మంచినీళ్ళిచ్చి తిరిగొచ్చేసరికి గుమ్మం ఖాళీ. బాబాయి కొట్టు ముందు వరస మాత్రం మలుపు దాటింది. అక్కడ నిలబడి వాళ్ళు నన్ను "చదువుకున్నదాని పొగరు" అన్నారని పాలాయన చెప్పాడు. ఎనిమిదిలో ఆగిపోయినదాన్ని చదువుకున్నదాని కింద వీధి మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకోవడం అదే మొదలు. అధ్యయన బృందం నివేదిక కూడా అచ్చయింది. మా పట్టణంలో ఆన్‌లైన్ సేవలంటే ఇష్టం లేని పౌరుడే లేడట. నేను సాక్ష్యం చెప్తాను, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇది చదువుతున్న మీరు మా వీధివాళ్ళలాంటివారు కారని నాకు తెలుసు. అయినా మీ బ్యాంకు, మీ కరెంటు, మీ గ్యాసు ఎవరి నంబరు మీద ఉన్నాయో తీరికున్నప్పుడు ఒకసారి చూసుకోండి. చూసిపెట్టమని మేనల్లుణ్ణి మాత్రం పిలవకండి.